హాపర్ చిత్రాలను సినిమాలోకి తేవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు షార్ట్ ఫిల్ములు తీస్తున్నారు. అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ అంటే మీకు చాలా ఇష్టం. ఫలానా దర్శకుడి మీద ఫలానా చిత్రకారుడి ప్రభావం ఉందని తరచూ చదువుతున్నారు గానీ, ఆ ప్రభావం ఏ రూపంలో ఉంటుందో ఎవరూ విడమరచి చెప్పడం లేదు. పెయింటింగును ఉన్నదున్నట్టు ఫ్రేములోకి దింపితే సరిపోతుందా, అలా చేస్తే కాపీ అనిపించుకుంటుందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. చిత్రకారుడి దగ్గర తీసుకోవలసింది అతని నియమాలు. వెలుగు ఎటు నుంచి రావాలి, ఎటు నుంచి అసలు రాకూడదు, మనిషికి ఎంత దూరంలో నిలబడి చూడాలి, ఎంత మేర ఖాళీగా వదలాలి, ఏ రంగును దగ్గరికి రానివ్వకూడదు – ప్రతి గొప్ప చిత్రకారుడూ ఇలాంటివి కొన్ని తనకు తాను విధించుకుని ఏళ్ల తరబడి పాటిస్తాడు. ఆ కట్టుబాట్లను మీ కథకు, మీ లొకేషనుకు వర్తింపజేస్తే మీ సినిమాలో అతని బొమ్మ ఒక్కటి కూడా కనిపించకపోయినా ప్రభావం ఉంటుంది. బొమ్మను మాత్రమే దింపితే, తెలిసినవాళ్లు గుర్తుపట్టి మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకునే క్షణంలోనే కథలోంచి బయటికి వచ్చేస్తారు.

నేను చాలా ఏళ్లుగా కెమెరా విభాగంలో పనిచేస్తున్నాను. కాబట్టి ఈ జవాబులో వెలుగు గురించే ఎక్కువగా ఉంటుంది.

ముందు మీకు ఇష్టమైన హాపర్‌తోనే మొదలుపెడదాం. 1925లో ఆయన వేసిన 'హౌస్ బై ది రైల్‌రోడ్' అనే చిత్రం న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం తన శాశ్వత సేకరణ కోసం తీసుకున్న మొదటి పెయింటింగ్ అదే. దర్శకుడు హిచ్‌కాక్ తీసిన 'సైకో' (1960)లోని కొండ మీది ఇంటికి అది మూలమని చాలామంది రాస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పాతకాలపు పైకప్పు, బురుజులాంటి పైభాగం కలుస్తాయి. అంతవరకు ఎవరైనా చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. హాపర్ చిత్రంలో రైలుపట్టాలు అడ్డంగా వచ్చి ఇంటి పునాదిని కోసేస్తాయి. ఆ ఇంటికి వాకిలి లేదు, దారి లేదు, చెట్టు లేదు, మనిషి లేడు. నిలువుగా ఇల్లు, దాని కాళ్లను కప్పేస్తూ అడ్డంగా పట్టాలు. అంతే. 'సైకో'లో పట్టాల స్థానంలో మోటెల్ వచ్చింది. నిలువుగా ఇల్లు, దాని ముందు అడ్డంగా పొడవాటి మోటెల్. ఫ్రెంచ్ దర్శకుడు ట్రూఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణలో హిచ్‌కాక్ ఈ నిలువు, అడ్డం దిమ్మెల కూర్పు తాము కావాలని చేసిందేనని ఒప్పుకున్నాడు. అయితే అదే సంభాషణలో, అలాంటి ఇళ్లు ఉత్తర కాలిఫోర్నియాలో మామూలేనని కూడా అన్నాడు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, హాపర్ చిత్రం రంగుల్లో ఉంది, 'సైకో' నలుపు తెలుపులో ఉంది. రంగు మొత్తం పోయినా పోలిక నిలబడిందంటే ఆ చిత్రం బలం కూర్పులోనూ, ఆ ఇంటిని చేరుకునే దారి కనపడకుండా చేయడంలోనూ ఉందన్నమాట. రెండు, దర్శకుడే 'ఇది ఫలానా బొమ్మ నుంచి వచ్చింది' అని చెప్పకపోయినా ప్రభావం ఉండవచ్చు. హిచ్‌కాక్ సినిమాల్లోకి వచ్చింది మూకీల టైటిల్ కార్డులు గీసే పనితో. తర్వాత కళా దర్శకత్వం చేశాడు. అలాంటి మనిషి కంటికి ఒక బొమ్మ ఎప్పుడు తగిలిందో, ఎప్పుడు పైకి వచ్చిందో ఆయనకే గుర్తుండకపోవచ్చు.

ఇప్పుడు 'నైట్‌హాక్స్' (1942) చూద్దాం, రాత్రివేళ వీధి మూల హోటల్‌లో కూర్చున్న మనుషుల బొమ్మ. మీ ఫోను వాల్‌పేపరు అదేనని రాశారు కదా. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఆ చిత్రం వెడల్పు 152.4 సెంటీమీటర్లు, ఎత్తు 84.1. భాగించి చూస్తే నిష్పత్తి 1.81. సినిమాల్లో వాడే 1.85 ఫ్రేముకు చాలా దగ్గరగా ఉంది. హాపర్ ఆ బొమ్మ వేసేనాటికి సినిమా తెర దాదాపు చదరంగా, 1.37 నిష్పత్తిలో ఉండేది. వెడల్పు తెరలు హాలీవుడ్‌లో ఊపందుకున్నది 1953 నుంచి. ఆ బొమ్మ మనకు సినిమా ఫ్రేములా అనిపించడానికి ఇదొక కారణం.

అసలు పని వెలుగుది. ఆ చిత్రంలో వెలుగంతా హోటల్ లోపలి నుంచే వస్తోంది. అప్పుడప్పుడే వాడకంలోకి వస్తున్న ట్యూబులైట్ వెలుగు అది. అద్దాల్లోంచి బయటపడి కాలిబాట మీద ఆకుపచ్చ ఛాయతో పరుచుకుంటుంది. వీధిలో ఇంకో దీపం లేదు. ఎదురు దుకాణం అద్దంలోంచి చూస్తే ఒక క్యాష్ రిజిస్టరు తప్ప ఏ సరుకూ కనపడదు. లోపల నలుగురున్నారు, కానీ ఆ హోటల్‌లోంచి వీధిలోకి వచ్చే తలుపు ఎక్కడా లేదు. ఒంటరితనం అనే మాటను విమర్శకులు ఈ బొమ్మకు తగిలించి తగిలించి అరగదీశారు. ఛాయాగ్రాహకుడిగా నాకు కనిపించేది ఇది: ఒకే వెలుగు, అద్దం అడ్డు, బయటికి దారి లేకపోవడం. ఈ మూడూ మీరు చేసి చూపించగలిగినవి. రాత్రి పదకొండుకు మూసేయబోతున్న ఏ ఇరానీ హోటలైనా, బస్టాండు పక్క టీకొట్టైనా చాలు. వీధి దీపం వెలుగు ఫ్రేములో పడని కోణం వెతుక్కోండి, లోపలి ట్యూబులైట్లనే వాడండి, కెమెరాను అద్దానికి అవతల పెట్టండి.

జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ తన 'ది ఎండ్ ఆఫ్ వయొలెన్స్' (1997)లో ఈ హోటల్‌ను సెట్టుగా వేయించాడు. అది సినిమా లోపల తీస్తున్న ఇంకో సినిమా సెట్టు కాబట్టి అక్కడ నకలుకు ఒక అర్థం ఉంది. ఆ సందర్భం లేకుండా మీరు అదే పని చేస్తే అలంకారం అవుతుంది.

మీరు పట్టించుకోవలసిన సంగతి ఇంకొకటి, చాలామంది దీని జోలికే పోరు. హాపర్ వెలుగు మన వెలుగు కాదు. ఆయన బొమ్మల్లో గోడ మీద పడే ఏటవాలు ఎండ న్యూయార్క్‌ది, ఆయన వేసవులు గడిపిన కేప్ కాడ్‌ది. అవి 41, 42 డిగ్రీల ఉత్తర అక్షాంశాల దగ్గర ఉన్నాయి. హైదరాబాదు 17 డిగ్రీల దగ్గర ఉంది. మన దగ్గర సూర్యుడు గబగబా నెత్తి మీదికి ఎక్కుతాడు. వేసవిలో ఎనిమిదిన్నర దాటితే కిటికీలోంచి వచ్చే ఎండ గోడ మీది నుంచి నేల మీదికి జారిపోతుంది. డిసెంబరు, జనవరిల్లో కొంత నయం, ఏటవాలు ఎక్కువసేపు నిలుస్తుంది. సహజమైన వెలుగుతోనే తీయాలనుకుంటే షూటింగు ఆ నెలల్లో పెట్టుకోండి. తూర్పు కిటికీ ఉన్న గది వెతకండి. ఆ గదిలో తీయాల్సిన షాట్లన్నీ కాగితం మీద సిద్ధం చేసుకుని తెల్లవారేసరికి అక్కడ ఉండండి.

నా పనిలోంచి ఒక ఉదాహరణ. కూతురు విదేశానికి వెళ్లిపోయాక ఇంట్లో ఒక్కడే మిగిలిన తండ్రి కథ. దర్శకుడు హాపర్ 'మార్నింగ్ సన్' (1952) ముద్రణ ఒకటి తెచ్చాడు. మంచం మీద మోకాళ్లు దగ్గరికి తీసుకుని కిటికీ వైపు చూస్తున్న స్త్రీ, వెనక గోడ మీద ఎండ ముక్క. 'మన తండ్రిని ఇలాగే కూర్చోబెడదామా?' అని అడిగాడు. కూర్చోబెట్టే సంగతి తర్వాత, ముందు ఆ గదిలో ఏమేం లేవో రాద్దాం అన్నాను. పటం లేదు, బల్ల లేదు, కిటికీకి తెర లేదు, ఇంకో దీపం లేదు. మేం తీసుకున్న ఇల్లు మన మధ్యతరగతి ఇల్లు. గోడ నిండా క్యాలెండరు, దేవుడి పటాలు, ఫ్యాను స్విచ్చుబోర్డు నుంచి వేలాడే తీగలు. ఆర్ట్ డైరెక్టరు అన్నీ తీయించి, పటాలు ఉన్నచోట గోడ రంగు కాస్త ముదురుగా మిగిలిన మచ్చల్ని మాత్రం అలాగే ఉంచాడు. అది ఆయన ఆలోచనే, చాలా గొప్ప ఆలోచన. హాపర్ ఖాళీతనం మన ఇంటికి ఆ మచ్చల రూపంలో వచ్చింది.

వెలుగు కోసం పెద్ద హెచ్‌ఎంఐ లైటును (పగటి ఎండలాంటి వెలుగిచ్చే సినిమా దీపం) కిటికీ పక్కన పెట్టకుండా ఎదురింటి మేడ మీదికి ఎక్కించాం. దీపం ఎంత దూరంగా ఉంటే గోడ మీద పడే వెలుగు అంచు అంత పదునుగా ఉంటుంది. గదిలోపల ఒక్క లైటూ లేదు. కిటికీకి ఎదురు గోడ తెల్లటిది కావడంతో వెలుగు తిరిగి కొట్టి నీడల్ని కడిగేస్తోంది, అందుకే ఆ గోడకు నల్ల బట్ట కట్టాం. నటుడి ముఖంలో సగం చీకట్లోకి వెళ్లింది. వెలుగును తిప్పికొట్టే ఒక థర్మోకోల్ షీటు పెట్టి ముఖం మీద కొంచెం వెలుగు పెంచండి అని నిర్మాత తరఫు మనిషి పదే పదే అడిగాడు. దర్శకుడు ఒప్పుకోలేదు. ఆ తండ్రి చివరికి మంచం మీద కూర్చోనే లేదు. కిటికీకి వీపు తిప్పి నిలబడి చొక్కా మడత పెట్టుకుంటాడు. సినిమా చూసిన వాళ్లలో హాపర్ పేరెత్తిన వాళ్లు ఒక్కరూ లేరు. ఆ గదిలోని వెలుతురు గుండెను పట్టేసిందని మాత్రం చాలామంది అన్నారు. నేను కోరుకున్నది అదే.

ఇంకో రకం ప్రభావం ఉంది, ఇందులో చిత్రకారుడు దర్శకుడికి రంగును, మనిషి శరీరాన్ని చూసే తీరును ఇస్తాడు. ఇటాలియన్ దర్శకుడు బెర్నార్డో బెర్తొలూచి 'లాస్ట్ టాంగో ఇన్ పారిస్' (1972) తీసే ముందు పారిస్‌లో ఇరవయ్యో శతాబ్దపు చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ చిత్రాల ప్రదర్శన జరిగింది. బెర్తొలూచి ఛాయాగ్రాహకుడు విత్తోరియో స్తొరారోను, తర్వాత నటుడు మార్లన్ బ్రాండోను అక్కడికి తీసుకెళ్లి చూపించాడు. సినిమా టైటిల్స్ పక్కనే రెండు బేకన్ చిత్రాలు కనిపిస్తాయి. సినిమాలోని నారింజ ఛాయలు, గరుకు అద్దం వెనక చెదిరిపోయే ముఖాలు అక్కడి నుంచి వచ్చినవే. (ఆ షూటింగులో నటి మారియా ష్నైడర్‌కు జరిగిన అన్యాయం చిన్నది కాదు. సాంకేతిక విషయాలు మాట్లాడేటప్పుడు కూడా దాన్ని మరవకూడదని నా అభిప్రాయం.) ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ బేకన్ ఏళ్ల తరబడి వేసిన అరిచే నోళ్లకు ఒక మూలం ఐజెన్‌స్టైన్ 'బాటిల్‌షిప్ పొటెమ్‌కిన్' (1925)లో కళ్లద్దాలు పగిలి అరిచే నర్సు ముఖం. సినిమా నుంచి కాన్వాసుకు, కాన్వాసు నుంచి మళ్లీ సినిమాకు. హాపర్ కూడా సినిమాలు విరివిగా చూసేవాడు. 1939లో సినిమా హాలునే బొమ్మగా వేశాడు. అందులో తెర ఒక పక్కన ముక్కగా కనిపిస్తుంది. మన చూపు మాత్రం గోడ దీపం కింద ఆలోచనలో మునిగి నిలబడ్డ హాలు ఉద్యోగిని మీదే ఉంటుంది.

పెయింటింగు కదలదు, నటుడు కదులుతాడు. కూర్పును అరువు తెచ్చుకునే వాళ్లందరూ తట్టుకుని పడేది ఇక్కడే. నటుడు లేచి రెండడుగులు వేయగానే మీరు కష్టపడి పేర్చిన బొమ్మ చెదిరిపోతుంది. స్టాన్లీ కుబ్రిక్ 'బారీ లిండన్' (1975)లో దీన్ని ఎదుర్కొన్న పద్ధతి చూడండి. 18వ శతాబ్దపు చిత్రాల్లోని కొవ్వొత్తుల వెలుగు కావాలి, కానీ విద్యుద్దీపాలతో దాన్ని నటించడం ఆయనకు ఇష్టం లేదు. నాసా కోసం జైస్ సంస్థ తయారుచేసిన 50 మిల్లీమీటర్ల ఎఫ్ 0.7 లెన్సులను (అతి తక్కువ వెలుగులోనూ తీయగలిగినవి) సంపాదించి కెమెరాకు అమర్చాడు. ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్ ఆ దృశ్యాలను కొవ్వొత్తుల వెలుగులో తీశాడు. అంత పెద్ద అపెర్చరులో (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) ఫోకస్ లోతు దాదాపు ఉండదు. నటుడు కాస్త ముందుకు వంగినా ముఖం మసకబారుతుంది. అందుకని వాళ్లు కదలకుండా కూర్చోవలసి వచ్చింది. ఆనాటి బొమ్మల్లోని నిశ్చలత్వం లెన్సు పెట్టిన నిర్బంధం వల్ల కూడా తెర మీదికి వచ్చింది. పగటి దృశ్యాల్లో ఇంకో ఉపాయం: దగ్గరి వివరంతో మొదలై, జూమ్ నెమ్మదిగా వెనక్కి జరుగుతూ చివరకు మొత్తం ఒక ప్రకృతి చిత్రంలా నిలబడుతుంది. అంటే షాట్ చివరన మాత్రమే బొమ్మ పూర్తవుతుంది. మీ చేతిలో జైస్ లెన్సు లేకపోయినా ఈ రెండో ఉపాయానికి ఖర్చేమీ లేదు.

నాకు అన్నిటికంటే లోతైనదిగా అనిపించే ఉదాహరణ సత్యజిత్ రాయ్. ఆయన 1940లో శాంతినికేతన్ కళాభవన్‌లో చేరి, చదువు పూర్తి చేయకుండానే 1942లో వెళ్లిపోయాడు. అక్కడ నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ ఆయన గురువులు. రాయ్ చేరిన ఏడాదే వినోద్ బిహారీ విద్యార్థుల వసతి గృహం పైకప్పు మీద ఒక కుడ్యచిత్రం వేశారు. తలెత్తి చూస్తే దేవతలు కనపడరు. ఒక చెరువు, దాని చుట్టూ బీర్‌భూమ్ పల్లె: చెట్లు, పశువులు, పనుల్లో ఉన్న మనుషులు. తన రోజువారీ పరిసరాలకు పురాణ దృశ్యాలకు ఇచ్చేంత గౌరవం ఇచ్చిన చిత్రం అది. చుట్టూ ఉన్న దానిలో దేనికీ తక్కువ స్థానం లేదు.

'పథేర్ పాంచాలి' (1955)లో వాన రాబోయే ముందు చెరువు నీటి మీద పురుగులు చకచకా తిరుగుతాయి, తామరాకులు గాలికి లేస్తాయి. కథకు వాటితో పని లేదు. అయినా రాయ్ వాటి దగ్గర నిలబడిపోతాడు. ఆ చూపు ఎక్కడిదని నన్నడిగితే, ఆ పైకప్పు కింద నిలబడిన కుర్రాడిది అంటాను. ఇది నా నమ్మకం. ఆధారం ఉన్న సంగతి ఇంకొకటి చెబుతాను. ఈ సినిమాకు మూలమైన నవలకు పిల్లల కోసం చేసిన సంక్షిప్త ప్రతికి రాయ్ 1940లలో బొమ్మలు వేశాడు. సినిమాకు మామూలు స్క్రిప్టుకు బదులు కుంచెతో గీసిన దృశ్యాల పుస్తకం చేసుకున్నాడు, తర్వాత దాన్ని పారిస్‌లోని సినిమా భాండాగారం సినిమాతెక్ ఫ్రాన్సేజ్‌కు ఇచ్చాడు. తెల్లటి రెల్లుపూల మీదుగా నల్లటి రైలుపొగ వెళ్లే దృశ్యం ఎవరి కంట్లోనైనా నిలిచిపోతుంది. మధ్యఛాయల్ని వదిలేసి తెలుపునూ నలుపునూ ఎదురెదురుగా నిలబెట్టడం సిరాతో బొమ్మలు వేసే చేతికి వెంటనే తోచే పని. వినోద్ బిహారీ పూర్తిగా చూపు కోల్పోయాక కూడా కళను వదలలేదు. రాయ్ 1972లో ఆయన మీద 'ది ఇన్నర్ ఐ' అనే డాక్యుమెంటరీ తీశాడు. ప్రభావం గురించి తెలుసుకోవాలంటే ముందు అది చూడండి.

మన సినిమాకు ఇందులో పాత చుట్టరికం ఉంది. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీయక ముందు రవివర్మ ముద్రణాలయంలో పనిచేశాడు. ఆ ముద్రణాలయం దేవుళ్ల పటాలను ఇంటింటికీ చేర్చింది. తొలి పౌరాణిక చిత్రాల్లో దేవుడు నేరుగా మనవైపు చూస్తూ, కాస్త ఎత్తులో, వెనక ఒక మేడో కొలనో పెట్టుకుని ప్రత్యక్షమవడంలో ఆ పటాల పద్ధతే ఉంది. తెలుగు పౌరాణికాలు కూడా ఆ దారినే వచ్చాయి. ఇక బాపు సంగతి వేరు. చిత్రకారుడూ దర్శకుడూ ఒక్కరే కావడంతో ప్రభావం అనే మాటే అక్కడ పొసగదు. ఆయన షాట్లను ముందుగా బొమ్మలుగా గీసుకునేవారు. 'ముత్యాలముగ్గు' (1975) మళ్లీ చూస్తే, ముఖం ఫ్రేములో ఒక అంచుకు జరగడం, ముందు భాగంలో ఒక చిన్న వస్తువు నిలబడటం, కళ్లకు దక్కే చోటు – ఇవన్నీ ఆయన గీతలోనివేనని తెలుస్తుంది. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్యకు జాతీయ పురస్కారం వచ్చింది. గీతను వెలుగుగా మార్చగలిగిన మనిషి తోడుంటే తప్ప అది సాధ్యం కాదు.

ఇక మీరు చేయవలసిన పని. ఒక సినిమాకు ఒక్క చిత్రకారుడినే ఎంచుకోండి. హాపర్, వెర్మీర్, వాన్ గో ముగ్గురినీ ఒకే ఫోల్డరులో వేసి తెచ్చే దర్శకులు ఎందరో వస్తుంటారు. ముగ్గురి వెలుగూ ఒకదానికొకటి పొసగదు, కెమెరామన్ ఎవరి మాట వినాలి? ఎంచుకున్న చిత్రకారుడి పని వీలైనంత ఎక్కువగా, పేరున్న బొమ్మలతో ఆగకుండా చూడండి. చూస్తూ ఒక నోటుబుక్కులో అతను ఎన్నడూ చేయనివి రాయండి. కథలో మీ పాత్రకు ఆ నిషేధాలు నప్పుతాయో లేదో అప్పుడు ఆలోచించండి. నప్పకపోతే ఆ చిత్రకారుడు మీకు ఎంత ఇష్టమైనా ఈ సినిమాకు వద్దు. నప్పితే ఆ కాగితాన్ని లొకేషను వెతకడానికి వెళ్లకముందే కెమెరామన్‌కు, ఆర్ట్ డైరెక్టరుకు, బట్టలు చూసేవారికి ఇవ్వండి. బొమ్మల ప్రింట్లు తర్వాత చూపించవచ్చు.

చివరగా రంగుల మాట. డీఐలో (షూటింగు అయ్యాక కంప్యూటరులో రంగులు సరిదిద్దే దశ) చూసుకుందాంలే అని మాత్రం అనుకోవద్దు. గోడ లేత గులాబీ రంగులో, చొక్కా మెరిసే నీలంలో ఉంటే, ఎడిటింగు అయ్యాక ఫ్రేము మొత్తానికి ఆకుపచ్చ ఛాయ పూసినంత మాత్రాన అది హాపర్ అవదు, నటుడి చర్మం రంగు చెడుతుంది, అంతే. హాపర్ ఆకుపచ్చ కాలిబాట మీద, గోడ మీద, కిటికీ చట్రం మీద వేరువేరుగా ఉంటుంది. మీరూ దాన్ని గోడకు వేసే సున్నంలో, పరుపు మీది దుప్పటిలో, ట్యూబులైటు ఎంపికలో ముందే పెట్టుకోండి. మీ బడ్జెట్ తక్కువన్నారు కాబట్టి ఒక గోడకు రంగు వేయించే ఖర్చు మాత్రం ఎక్కడా తగ్గించవద్దు. అవసరమైతే లెన్సుల అద్దె తగ్గించుకోండి.